పుణ్యమూ పురుషార్థమూ: అనంతపురం లెక్క

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే అనంతపురం సీమలో దానానికీ లాభానికీ ముడి పాతదే. విజయనగర కాలం నాటికే ఇక్కడ దశబంధం ఉంది. సొంత డబ్బుతో చెరువు తవ్వించినవాడికో, తెగిన కట్ట పోయించినవాడికో ఆయకట్టులో కొంత భూమి ఇనాంగానో, శిస్తులో వాటాగానో దక్కేది. ఊరికి నీళ్లు, దాతకు మడి. షరతు ఒకటే: కట్టకు మట్టి పోయించాలి, తూము చూసుకోవాలి, మరవ చక్కబెట్టాలి. ఇంగ్లీషు దొరలూ ఈ ఇనాములను మరమ్మతు షరతుతోనే సాగనిచ్చారు.

ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద డబ్బు పుట్టపర్తి దారి పట్టింది. 1971లో లండన్‌లో హార్డ్ రాక్ కేఫ్ పెట్టిన ఇద్దరిలో ఐజాక్ టిగ్రెట్ సత్యసాయిబాబా భక్తుడు. అందరినీ ప్రేమించి సేవించమన్న బాబా బోధ ఆ కేఫ్‌ల నినాదమైంది. తన వాటా అమ్ముకున్న సొమ్ములో పెద్ద మొత్తం ఆయన పుట్టపర్తి సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి ఇచ్చాడు. 1991 నవంబరులో ప్రధాని పి.వి.నరసింహారావు దాన్ని ప్రారంభించారు. ఇచ్చింది మనిషి, కంపెనీ కాదు. తమాషా ఏమిటంటే, ఆయన వెళ్లిపోయినా నినాదం కంపెనీకే ఉండిపోయింది!

తన వ్యాపారం ఆధారపడ్డ పరిసరాలను బాగుచేసే దానమే కంపెనీకి లాభమని 2002లో మేనేజ్‌మెంట్ నిపుణులు పోర్టర్, క్రేమర్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వాదించారు. దశబంధం రైతుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. మన దేశంలో 2014 నుంచి, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) పనులకు పెట్టాలి. సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను 2021 నిబంధనలు లెక్కలోకి రానివ్వవు. మంచిదే. బ్యానరు కట్టి దానమనిపించుకునే వేషాలకు ఆ లెక్కలో చోటు లేదు.

మరి లాభం ఏ దారిన వస్తుంది? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టిన కియాకు నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి వస్తాయి. రైతూ, ఫ్యాక్టరీ ఒకే నీటి మీద బతికే ఈ నేలమీద చెరువులు నిండితే ఫ్యాక్టరీకీ నిశ్చింత. ఊరివాళ్లు మనవాళ్లే అనుకునే కంపెనీకి గేటు ముందు ధర్నాలూ తక్కువే.

అయితే సీఎస్‌ఆర్ చట్టం ముఖ్యంగా అడిగేది ఖర్చు లెక్క. దశబంధం అడిగింది ఏటేటా మరమ్మతు. ఊళ్లో తాగునీటి ప్లాంటు పెట్టించే కంపెనీలు బోర్డు మీద తమ పేరుతో పాటు, మోటారు కాలిపోతే బాగుచేయించేది ఎవరో కూడా రాయించాలి.