హాజరు కాని వాళ్ళం

1879 రంప తిరుగుబాటు అనగానే మనకు చిగురుపన్ను, కల్లు మీద ఆంక్షలు, మనసబుదారు దౌర్జన్యం, పోలీసుల మామూళ్ళు గుర్తుకొస్తాయి. కోర్టు సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. మైదానం నుంచి వచ్చిన వర్తకులు మన పెద్దలతో అప్పు ఒప్పందాలు చేసుకుని, మాట తప్పారంటూ కింద కోర్టులో దావా వేసేవారు. కొండ దిగి వెళ్ళాలంటే అడవి, వాగులు, జ్వరాలు. వెళ్ళినా అక్కడి కాగితం చదవలేరు. వాయిదా నాడు మన మనిషి లేడు కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ! 5 రూపాయల బాకీకి 100 రూపాయల సొత్తు పట్టుకుపోయిన సంగతి దొరల కాలపు గోదావరి జిల్లా గెజిటీరులోనే ఉంది. తిరగబడడానికి ఇదీ ఒక కారణమని ఆనాటి అధికారులే రాసుకున్నారు.

"హాజరు" అనే మాట మన బతుకులో అంత పని చేసింది.

ఆ మాటకు అర్థం మారింది 2003లో. ముంబయిలో ఒక సర్జన్ మీద నడుస్తున్న క్రిమినల్ కేసులో అమెరికా వైద్యుడొకరు సాక్షి. ఆయన ఇక్కడికి రానన్నాడు, వీడియోలో అయితే చెబుతానన్నాడు. హైకోర్టు కుదరదంది. సుప్రీంకోర్టు మాత్రం ఏప్రిల్ 1న, ముద్దాయి హాజరు అంటే అదే గదిలో ఎదురెదురుగా ఉండడమే కానక్కరలేదు, తెర మీద చూస్తూ వింటూ ఉన్నా చాలునంది. న్యూయార్కు డాక్టరు కోసం తెరిచిన దారి అది. మన గూడేల కోసం కాదు. అయినా దారి దారే. కరోనా కాలంలో కోర్టులన్నీ ఆ దారిన నడిచాయి. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నాగరిక్ సురక్షా సంహిత సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవచ్చని నేరుగానే రాసింది.

దూరం తగ్గుతుంది, నిజమే. నిందితుడి మనుషులు కాపు కాసిన కోర్టు వరండాలో నిలబడే భయమూ తగ్గుతుంది. కానీ కోయలో, కువిలో, గోండిలో ఆలోచించే మనిషిని తెలుగులో అడిగితే తెర ఏం చేస్తుంది? సాక్షి తీరు ఎలా ఉందో జడ్జి రాసుకోవచ్చని చట్టంలో ఉంది. పెద్దల ముందు తల దించుకుని మాట్లాడడం మనకు మర్యాద. కెమెరాలో అది తడబాటులా కనబడవచ్చు. సిగ్నలు తెగి మాట సగంలో ఆగితే, ఆ సగమే రికార్డుకెక్కిందా అని అడిగే మనిషి పక్కన ఉండాలి.

అందుకని మన చదువుకున్న పిల్లలు తెలుసుకోవలసినవి ఉన్నాయి. దుబాసీ కావాలని అడగవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం దుబాసీకి చట్టం పెట్టిన బాధ్యత. అట్రాసిటీ కేసుల్లో బాధితులకూ సాక్షులకూ దారి ఖర్చులు, భోజనం ఖర్చులు ఇవ్వాలని 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షను చెబుతోంది. ఇక సాక్షి కూర్చునే చోటును రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫై చేయాలి. ఆ చోటు పాడేరులోనో ఉట్నూరులోనో పెట్టి ఊరుకుంటే మళ్ళీ బస్సు వెతుక్కోవలసిందే. వారపు సంత జరిగే ఊళ్ళలో పెట్టమని ఇప్పుడే గ్రామసభల్లో తీర్మానాలు రాయిద్దాం.