ఫోన్ చదివి వినిపించే నోటీసు, అందరికీ అందే ఆన్‌లైన్ మీటింగ్

బడి నుంచి వాట్సాప్‌లో ఒక నోటీసు వస్తుంది. బోర్డు మీద అంటించిన కాగితాన్ని ఎవరో ఫోటో తీసి పెట్టారు. కళ్లు బాగుండి, తెలుగు చదవడం వచ్చినవారు వేళ్లతో పెద్దది చేసుకుని చదువుకుంటారు. చూపు తగ్గిన తాతగారి ఫోన్ మాత్రం చాలాసార్లు "ఫోటో" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి తేదీ ఆ ఫోటోలోనే ఉండిపోతుంది.

ఇది చూపు లేనివారి ఇబ్బంది ఒక్కటే అనుకోకండి. మన హోసూరు చుట్టుపక్కల తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతూ, బడిలో తమిళమో కన్నడమో చదువుకున్నవాళ్లు ఎంతోమంది. షోలాపూర్ పద్మశాలి ఇళ్లలో మరాఠీ చదివినవారు, బరంపురంలో ఒడియా చదివినవారు కూడా అంతే. చెవికి తెలుగు తెలుసు, కంటికి తెలియదు. అలాంటి అమ్మకి, నాన్నకి ఫోటో నోటీసు పంపినా పంపనట్టే. అదే నోటీసు టైపు చేసి పంపితే ఫోన్ చదివి వినిపిస్తుంది. చూపు లేనివారి కోసం పెట్టిన ఏర్పాటు లిపి రానివారికీ సరిగ్గా సరిపోతుంది.

టైపు చేసినా చదవని తెలుగు

ఇక్కడ ఒక చిక్కుంది. ఫోన్‌లో మనం టైపు చేసే తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. అందులో "అ" అంటే ఏ యంత్రానికైనా "అ"నే. కానీ డీటీపీ సెంటర్లలో, ప్రెస్సులలో చాలాకాలంగా అను వంటి పాత ఫాంట్లు వాడుతున్నారు. వాటిలో తెర మీద తెలుగు అక్షరం కనబడుతుంది గానీ, లోపల దాచి ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూను. ఫోన్ వాటినే చదువుతుంది, వినేవారికి ఒక్క ముక్కా అర్థం కాదు.

మీకొచ్చిన పీడీఎఫ్ ఎలాంటిదో తెలుసుకోవడం తేలిక. ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే మంచిది. ఇంగ్లీషు అక్షరాల గందరగోళం వస్తే అది పాత ఫాంటు. అసలు లైనును ఎంచుకోవడమే కుదరకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. ప్రెస్సులో అచ్చు వేయించిన సర్క్యులర్ ఎంత అందంగా ఉన్నా సరే, దాంతోపాటు నాలుగు లైన్లు ఫోన్‌లో టైపు చేసి పంపడం ఆఫీసుకి అయిదు నిమిషాల పని. ఫోటో పెట్టక తప్పకపోతే దాని కిందే తేదీ, సమయం, ఏం తేవాలో రాస్తే చాలు.

తేదీని 12/06 అని కాకుండా "జూన్ 12, శుక్రవారం" అని రాస్తే వినేవారికి సందేహం ఉండదు. ఇంకో మాట. నోటీసుకి ముందూ వెనకా పది పూలు, పది దండాలు పెట్టే అలవాటు మనకుంది. ఫోన్ ఆ పదింటినీ ఒక్కొక్కటిగా చదువుతుంది. అసలు విషయం వచ్చేలోపు వినేవారి ఓపిక అయిపోతుంది!

ఇంట్లో ఫోన్‌ను ఎలా సిద్ధం చేసుకోవాలి

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే భాగం ఉంటుంది. కొద్దిగా చూపు ఉన్నవారికి, చదవడం రానివారికి అందులోని సెలెక్ట్ టు స్పీక్ చాలు. దాని బటన్ నొక్కి మెసేజ్‌ను తాకితే ఆ మెసేజ్ వినిపిస్తుంది. గొంతు ఇంగ్లీషులో ఉంటే టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లోకి వెళ్లి భాష తెలుగుకి మార్చండి. గూగుల్ గొంతులలో తెలుగు ఉంది.

పూర్తిగా చూపు లేనివారికి టాక్‌బ్యాక్ కావాలి. ఐఫోన్‌లో ఇదే పని వాయిస్‌ఓవర్ చేస్తుంది. టాక్‌బ్యాక్ వేస్తే ఫోన్ నడిచే తీరే మారిపోతుంది. ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితేనే తెరుచుకుంటుంది. పిల్లలూ, అవ్వ ఫోన్‌లో సరదాకి దీన్ని వేసి వదిలేయకండి. పొరపాటున పడితే చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది.

కంప్యూటర్ ల్యాబులో విండోస్ ఉంటే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా వేసుకోవచ్చు. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ప్రాజెక్టు అది. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. మరమనిషి మాట్లాడినట్టుంటుంది గానీ అలవాటవుతుంది.

మీటింగులో ఎవరు మిగిలిపోతారు

టీచరుగారు స్క్రీన్ షేర్ చేసి "ఇదిగో, ఇక్కడ చూడండి" అంటారు. షేర్ చేసిన తెర స్క్రీన్ రీడర్‌కి ఒట్టి బొమ్మ. అందులోని మార్కుల పట్టికైనా, టైంటేబులైనా అది చదవలేదు. అందుకని రెండు పనులు చేయాలి. చూపించబోయే కాగితాన్ని ముందురోజే టైపు చేసిన రూపంలో గ్రూపులో పెట్టాలి. మీటింగులో "ఇక్కడ" అనకుండా "మూడో వరుసలో లెక్కల పరీక్ష, సోమవారం" అని చదివి చెప్పాలి. రెండోది చేస్తే చిన్న ఫోన్ తెర మీద చూసేవారికీ, బస్సులో నిలబడి వింటున్న నాన్నకీ అర్థమవుతుంది. ఎరుపు ఉంటే ఫీజు బాకీ, ఆకుపచ్చ ఉంటే కట్టేశారు అని రంగులతో మాత్రమే చెప్పకూడదు. ఆ రెండు రంగులకూ తేడా తెలియనివారు ఉంటారు. పక్కన మాట రాయాలి.

వినికిడి తక్కువైనవారికి అందరూ ఒకేసారి మాట్లాడటమే పెద్ద అడ్డంకి. మన మీటింగులలో జరిగేది తరచూ అదే. ఒకరి తర్వాత ఒకరు, ముందు పేరు చెప్పి మాట్లాడాలి. పెదవులు చూసి గ్రహించేవారి కోసం ముఖం మీద వెలుతురు పడేలా కూర్చోవాలి. వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది. గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ యాప్ తెలుగు మాటల్ని అక్షరాలుగా చూపిస్తుంది. మీటింగు నడిచే ఫోన్ పక్కన ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్‌లో దాన్ని తెరిచి పెట్టుకోవచ్చు. మన తెలుగులో తమిళం, కన్నడం, ఇంగ్లీషు కలిసినచోట తప్పులు వస్తాయి. దాన్నే నమ్ముకోకుండా, తీర్మానాలు ఎవరో ఒకరు చాట్‌లో రాస్తూ ఉంటే మేలు.

మౌస్ పట్టుకోలేని పిల్లలకు కీబోర్డు దారి ఉంది. గూగుల్ మీట్‌లో కంట్రోల్, డి కలిపి నొక్కితే మైకు ఆగుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. విండోస్‌లోని జూమ్‌లో ఆల్ట్, ఏ అదే పని చేస్తాయి. అసలు స్మార్ట్‌ఫోనే లేని ఇల్లు ఉంటే, ఆ ఇంటివారికి మీటింగు తర్వాత మామూలు ఫోన్ చేసి విషయం చెప్పాల్సిందే. వేరే ఉపాయం ఏ యాప్‌లోనూ లేదు.

అడగడం మీ హక్కు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రభుత్వ సాయం లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలన్నిటికీ వర్తిస్తుంది. పిల్లవాడి అవసరానికి తగిన ఏర్పాటు, చూపు, వినికిడి లేని పిల్లలకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు అందులో ఉన్నాయి. ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలని 42వ సెక్షన్ చెబుతుంది. యాసిడ్ దాడికి గురై, కళ్లార్పలేక ఆన్‌లైన్ కేవైసీ చేయించుకోలేకపోయినవారి కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది.

అయినా మన దగ్గర చట్టం దాకా వెళ్లాల్సిన పని అరుదు. "మా అత్తగారికి తెలుగు చదవడం రాదు, టైపు చేసి పంపండి" అని క్లాస్ టీచరుగారికి ఒక్క మాట చెబితే చాలు. దీనికి డాక్టరు సర్టిఫికెట్ అడగకూడదని నా అభిప్రాయం. మీటింగుకి సంబంధించిన ఏర్పాటైతే రెండు మూడు రోజుల ముందే చెప్పండి, కాగితాలు సిద్ధం చేయడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. గ్రూపులో నలుగురి ముందూ చెప్పడం ఇష్టం లేకపోతే టీచరుగారికి విడిగా మెసేజ్ పెట్టండి. రాయడం కష్టమైతే వాయిస్ మెసేజ్ పెట్టినా సరిపోతుంది.