నౌపడలో దిగిన తరువాత

విశాఖపట్నం విమానాశ్రయంలో దిగి పాతపట్నానికి టాక్సీ అడిగిన వారికి డ్రైవరు నుండి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: "పాతపట్నం వరకేనా బాబూ, బోర్డరు దాటాలా?" నూట యాభై కిలోమీటర్లు దాటిన ప్రయాణం కన్నా, పాతపట్నానికీ పర్లాకిమిడికీ నడుమనున్న ఆ కొద్దిపాటి దూరమే అతనికి పెద్ద లెక్క. కిరాయి బండి పొరుగు రాష్ట్రంలో ప్రవేశించాలంటే తగిన పర్మిట్టు ఉండాలి. తిరుగు ప్రయాణంలో బండి ఖాళీగా రావాలి గనుక ఆ ఖర్చూ బేరంలో కలుస్తుంది. సామాన్యంగా కనిపించే ఈ ప్రశ్న వెనుక నూరేళ్ళకు మించిన చరిత్ర ఉన్నది.

1890లలో తీరం వెంబడి వేసిన పెద్ద రైలుమార్గం ఉప్పుమడుల ఊరైన నౌపడ మీదుగా సాగిపోయింది. పర్లాకిమిడి సంస్థానపు రాజధాని అక్కడికి 25 మైళ్ళ లోపల ఉండిపోయింది. దేశానికి రైలు వచ్చింది కాని ఊరికి రాలేదు. మద్రాసు నుండి నౌపడ వరకు పొగబండిలో వచ్చినవాడు కూడా అక్కడ దిగి ఎడ్లబండి కోసం చూడవలసిందే. విమానాశ్రయం వెలుపల సామాను పక్కన పెట్టుకొని నిలబడిన నేటి ప్రయాణికుని అవస్థ సరిగ్గా ఇదే.

ఆ కొరతను తీర్చినవాడు సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి. 1898లో పనులు ప్రారంభమై, 1900లో నౌపడ–పర్లాకిమిడి లైట్ రైల్వే నడవసాగింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. ఖర్చు సుమారు 7 లక్షల రూపాయలు. టెక్కలి, టెంబూరు, పాతపట్నం మీదుగా ఆ చిన్న బండి సాగేది. తొలి సంవత్సరాలలో నష్టమే మిగిలింది. 1910 తరువాత గాని స్వల్పంగా లాభం కనిపించలేదు. అయినా బండి ఆగలేదు. కృష్ణచంద్ర గజపతి కాలంలో, 1931 నాటికి, మార్గం గుణుపురం దాకా విస్తరించింది.

అప్పటికి పాతపట్నం, పర్లాకిమిడి రెండూ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనివే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. దశాబ్దాల పాటు పర్లాకిమిడిలో నివసించి, సవర భాషకూ వ్యావహారిక తెలుగుకూ జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు, ఆ విభజనకు నిరసనగా ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. సరిహద్దు ఎంత లోతుగా కోసిందో చెప్పడానికి ఆ ఒక్క ప్రయాణమే చాలును.

చిన్న రైలు మాత్రం ఏ ఊరినీ విడువలేదు. ఒక రాష్ట్రంలో టిక్కెట్టు కొన్నవాడు అదే టిక్కెట్టుతో ఇంకొక రాష్ట్రంలో దిగేవాడు. పాతపట్నం నీలమణి దుర్గమ్మ దర్శనానికి ఒడియా భక్తులు వచ్చినా, పర్లాకిమిడి బజారుకు తెలుగువారు వెళ్ళినా, బండి పర్మిట్టు సంగతి వారికి పట్టేది కాదు. గేజి మార్పిడి కోసం 2004లో ఆ బండి ఆగిపోయినపుడు, ఈ ప్రాంతం పోగొట్టుకున్నది వేగాన్ని కాదు, ఆ నిశ్చింతను. పెద్ద పట్టాల మీద రైలు పర్లాకిమిడికి తిరిగి వచ్చేసరికి 2010 అయింది. ఆ ఆరేళ్ళూ రోడ్డే దిక్కు.

2023 మే నెలలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది. దాని వలన ఆకాశం మనకు మరికొంత చేరువవుతుంది, సంతోషమే. కాని దిగిన చోటు నుండి ఇంటి గుమ్మం దాకా ఉన్న దూరాన్ని ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. టాక్సీలో ఆ భారం ఒక్కరిది; రైలులో అది పదిమందిదీ. విమానాశ్రయ పటాలు గీసేవారు 1898 నాటి ఆ 25 మైళ్ళను ఒకసారి తలచుకుంటే మేలు.