స్పగెట్టీ పొమొదోరో: గంజి పారబోయకండి, చీజ్ అట్ట చదవకుండా కొనకండి

కిందటేడు జూలైలో అమ్మ టౌరంగా వచ్చింది. అమ్మ శుద్ధ శాకాహారి. "రోజూ పప్పూ చారేనా, ఇక్కడివాళ్ళు తినేదేదైనా చెయ్యరా" అంటే హుషారుగా టమాటా పాస్తా చేసి, పైన పార్మెజాన్ చీజ్ తురిమి పెట్టాను. "ఇందులో ఏమీ కలవలేదుగా?" అని అడిగింది. "పాలతో చేసిందేనమ్మా" అన్నాను.

భోజనాలయ్యాక అట్ట మీది చిన్న అక్షరాలు చదివాను. అందులో రెన్నెట్ ఉంది. పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసి వాడే పదార్థం అది. దాచబుద్ధి కాక చెప్పేశాను. "తెలియక తిన్నదానికి దోషం లేదులే" అంది గానీ, ఆ రాత్రి అమ్మ ఇంకేమీ ముట్టుకోలేదు. మీ ఇంట్లో ఈ పొరపాటు జరక్కూడదనే ఇది రాస్తున్నాను.

అసలైన పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో చీజ్‌లకి దూడ రెన్నెట్ వాడాలన్నది వాటి తయారీ నియమాల్లోనే ఉంది. కాబట్టి "నాన్ యానిమల్ రెన్నెట్" అనో "వెజిటేరియన్" అనో రాసి ఉన్నదే కొనండి. ఎండు స్పగెట్టీ మామూలుగా డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్ళతోనే చేస్తారు. తాజా పాస్తాలో గుడ్డు ఉండొచ్చు. సీసాల్లో దొరికే సాస్‌లలో చీజో, చేపలో కలుస్తాయి. అందుకే సాస్ ఇంట్లో చేసుకోవడమే మేలు.

టమాటా ఇటలీ సొంతం కాదు. మనకి మిరపకాయ వచ్చినట్టే, వాళ్ళకి అది అమెరికా ఖండాల నుంచి 16వ శతాబ్దంలో చేరింది. పాస్తాకి టమాటా పట్టించే పద్ధతిని నేపుల్స్‌కి చెందిన ఇప్పోలితో కవల్కాంతి 1839లో తన వంటల పుస్తకంలో రాశాడు.

కావలసినవి (నలుగురికి)

స్పగెట్టీ 400 గ్రాములు, తొక్క తీసిన టమాటాలు 400 గ్రాముల డబ్బాలు 2, ఆలివ్ నూనె 4 పెద్ద చెంచాలు, వెల్లుల్లి 4 రెబ్బలు, బేసిల్ ఆకులు పది, ఉప్పు.

జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ చలికాలం. తాజా టమాటా ఖరీదెక్కువ, రుచి తక్కువ. డబ్బా టమాటాయే నయం. బేసిల్ బదులు తులసి వెయ్యకండి, ఘాటు వేరు. బేసిల్ అంటే మన సబ్జా గింజల మొక్క జాతి.

చేసే విధానం

నూనెలో వెల్లుల్లిని సన్నని సెగ మీద వాసన వచ్చేదాకా వేయించండి. ఎర్రబడితే చేదెక్కుతుంది. వెల్లుల్లి తినని పెద్దలుంటే మానెయ్యండి, రుచికి లోటుండదు. టమాటాలు చేత్తో చిదిమి వేసి, ఉప్పు వేసి, నూనె పైకి తేలేదాకా సుమారు 20 నిమిషాలు ఉడికించండి.

వేరే గిన్నెలో 4 లీటర్ల నీళ్ళు మరిగించి 40 గ్రాముల ఉప్పు వేసి స్పగెట్టీ వెయ్యండి. నూనె వెయ్యక్కర్లేదు. పాకెట్ మీద రాసిన సమయానికి 2 నిమిషాల ముందే, పలుకుమీద ఉండగా దించండి. దించేముందు ఒక కప్పు గంజి తీసి పక్కన పెట్టుకోండి. అసలు కిటుకు ఇదే. ఆ గంజిలోని పిండి పదార్థమే నూనెనీ టమాటానీ కలిపి సాస్‌ని పాస్తాకి అంటుకునేలా చేస్తుంది. స్పగెట్టీని సాస్‌లో వేసి, గంజి కొంచెం కొంచెంగా పోస్తూ 2 నిమిషాలు కలియబెట్టి, బేసిల్ తుంచి వేసి దించండి.

చీజ్ దొరక్కపోతే దిగులక్కర్లేదు. దక్షిణ ఇటలీలో చీజ్ కొనలేని ఇళ్ళలో ఎండు రొట్టె పొడిని ఆలివ్ నూనెలో వేయించి పైన చల్లుకునేవారు. కరకరలాడుతూ బాగుంటుంది.

అమ్మ తిరిగి వెళ్ళే ముందురోజు "ఆ రొట్టె పొడిది చెయ్యరా" అని తనే అడిగింది. ఈసారి అట్టలన్నీ ఆవిడ ముందే పైకి చదివి మరీ వండాను. మారు వడ్డించుకుంది.