గడియ వేసిన తలుపు వెనక

బార్డోలి సత్యాగ్రహానికి 2028లో నూరేళ్లు నిండుతాయి. దాన్ని నడిపించిన వల్లభ్‌భాయి పటేల్ గురించి వ్యాసాలు బోలెడు వస్తాయి. నాకు మాత్రం బార్డోలి పేరు వినగానే లోపల గడియ వేసి ఉన్న ఒక తలుపు కళ్లముందు మెదులుతుంది.

ఆ తలుపు దగ్గరికి కామ్‌రేజ్ మీదుగా వెళ్దాం. సూరత్ దగ్గర తాపీ ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇవాళ హైవే కూడలి. ఊరి పేరు మాత్రం చాలా పాతది. గ్రీకు వర్తకుల ఓడదారి గ్రంథం ‘పెరిప్లస్’లోని కమ్మోని ఇదేనని కొందరు పండితుల ఊహ. ఏడో శతాబ్దపు చాళుక్య శాసనంలోని కార్మణేయం కూడా ఇదేనంటారు. దానమిచ్చిన రాజులూ పుచ్చుకున్న బ్రాహ్మలూ రాగిరేకులకెక్కారు. ఆ ఊళ్లలో నీళ్లు మోసిన ఆడవాళ్లు ఎక్కలేదు. వాళ్ల జాడ కోసం శతాబ్దాలు దాటి పక్క తాలూకాకి, బార్డోలికి వెళ్లాలి.

బొంబాయి ప్రభుత్వం ఆ తాలూకా శిస్తును సుమారు 22 శాతం పెంచింది. 1928 ఫిబ్రవరి 12న రైతులు కట్టేది లేదని తీర్మానించుకున్నారు. వెంటనే జప్తులు మొదలయ్యాయి, వాటి కోసం ప్రభుత్వం పఠాన్లను దించింది. దొరికిన గేదెనల్లా తోలుకుపోతుంటే, ఊళ్లకు ఊళ్లు పగలంతా తలుపులు బిగించుకున్నాయి. మనుషులూ గొడ్లూ ఒకే కప్పు కింద బతికారు. నెలల తరబడి ఎండ సోకక గేదెల నల్లతోలు పాలిపోయిందని ఆనాటి కథనాలు చెబుతాయి.

ఆ చీకటింట్లో పగలంతా ఎవరున్నారో ఆలోచించండి. పేడ ఎత్తాలి, కుడితి కలపాలి, పాలు పితకాలి, ఉక్కకు ఏడ్చే పసివాణ్ణి ఊరుకోబెట్టాలి. బయట తలుపు బాదుతుంటే గడియ మీంచి చెయ్యి తియ్యకూడదు. మన భాషలో ఆడదానికి ‘అబల’ అని పేరు పెట్టినవాడు ఆ ఇంట్లో ఒక్క పూట ఉండి ఉంటే ఆ మాట పుట్టేది కాదు. ధైర్యం చూపిన స్త్రీని ‘మగరాయుడు’ అని మెచ్చుకోవడమూ నాకు నచ్చదు. వాళ్ల తెగువ మగవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నది కాదు. పాలు పితికిన చేతులే గడియను పట్టుకున్నాయి.

బొంబాయిలో కలిగిన పార్సీ ఇంట పుట్టిన మిఠూబెన్ పెటిట్ ఖద్దరు కట్టి ఈ ఊళ్లు తిరిగారు. సమరయోధుడు దర్బార్ గోపాల్‌దాస్ భార్య భక్తిబా కూడా వచ్చారు. వల్లభ్‌భాయిని ‘సర్దార్’ అని మొదట పిలిచింది బార్డోలి ఆడవాళ్లేనని చెబుతారు. ఆగస్టులో ప్రభుత్వం దిగివచ్చింది. విచారణ సంఘం చివరికి సుమారు 6 శాతం పెంపు చాలంది.

రెండేళ్లకు దండి యాత్రకు బయల్దేరిన జట్టులో ఒక్క స్త్రీకీ చోటు లేదు. అయినా ఆ వేసవిలోనే సూరత్ జిల్లా కల్లు దుకాణాల ముందు మిఠూబెన్ నిలబడ్డారు. అదే ఏడు మద్రాసు ఉప్పు సత్యాగ్రహంలో మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జైలుకెళ్లారు.

అక్కణ్ణించి కథ ఒక్క దారిన సాగదు. అందులో ఒక దారి ఇవాళ్టి సూరత్‌కు పోతుంది. తెలంగాణ నుంచి వలసొచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్ మరమగ్గాల మధ్య స్థిరపడ్డాయి. ఆ నగరంలో ఎందరో ఆడవాళ్లు ఇళ్లలోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తారు, పోగులు కత్తిరిస్తారు. ఆ చీరలు మన ఊళ్ల పెళ్లిళ్లకు వస్తాయి. కట్టుకున్న పిల్లను చూసి ‘ఆడపిల్లంటే ఇలా ఉండాలి’ అంటారు. ఆ రాళ్లంటించిన చేతులు అప్పటికి ఇంకో చీర ఒళ్లోకి లాక్కుని ఉంటాయి.