చిటికెడు ధూళికి ఏడేళ్ల ప్రయాణం

మన నేల మీద రాలే ఉల్కల్లో అత్యధికం ఒకే జాతివి. శాస్త్రజ్ఞులు వాటిని సాధారణ కాండ్రైట్లు అంటారు. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్న దశాబ్దాల పాటు తెగలేదు. అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల పట్టీలో, లోపలి వైపున ‘ఎస్’ తరగతి శకలాలు ఎక్కువ. అనుమానం సహజంగా వాటి మీదికే పోయింది. కానీ టెలిస్కోపులో కనిపించే వాటి వర్ణపటం ఉల్కల వర్ణపటంతో సరిపోలేదు. శకలాలు కాస్త ఎర్రబారి కనిపించేవి. సౌరగాలి, సూక్ష్మ ఉల్కల తాకిడి వల్ల పైపొర రంగు మారుతోందని కొందరు వాదించారు. ఆ వాదం తేలాలంటే శకలం మీది రాయి చేతికి రావాలి.

అందుకోసం 2003 మే 9న జపాన్ ఉచినౌరా కేంద్రం నుంచి హయబుసా అనే వ్యోమనౌకను పంపింది. గమ్యం అర కిలోమీటరు పొడవున్న ఒక శకలం. 1955లో 23 సెంటీమీటర్ల పెన్సిల్ రాకెట్‌తో జపాన్ రాకెట్ పరిశోధనకు నాంది పలికిన హిదెవో ఇతొకావా పేరును దానికి పెట్టారు. అప్పటిదాకా యంత్రాలు పరాయి నేల నుంచి తెచ్చిన మట్టి అంటే 1970–76 మధ్య సోవియట్ లూనా నౌకలు చంద్రుడి నుంచి తెచ్చిన మూడు వందల గ్రాముల పైచిలుకే.

2005 సెప్టెంబరులో గమ్యం చేరేసరికే నౌక దెబ్బతిని ఉంది. దాని దిశను నిలిపి ఉంచే మూడు చక్రాల్లో ఒకటి దారిలోనే ఆగిపోయింది, రెండోది చేరాక పోయింది. ఉపరితలం మీదికి వదిలిన చిన్న రోబో మినర్వా గురి తప్పి అంతరిక్షంలో కలిసిపోయింది. నవంబరులో నౌక రెండుసార్లు శకలాన్ని తాకింది. నేలను చెదరగొట్టడానికి పేలాల్సిన గుళిక రెండుసార్లూ పేలలేదు. ఆపై ఇంధనం కారిపోయింది. డిసెంబరు 8న సంబంధం తెగింది.

చాలా చరిత్రలు ఈ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తాయి. అసలు కథ ఇక్కడే ఉందని నా అభిప్రాయం. జున్ఇచిరో కవాగుచి నాయకత్వంలోని బృందం వారాల తరబడి నౌకను పిలుస్తూనే ఉంది. 2006 జనవరి 23న సన్నని సంకేతం అందింది. ఇంధనం లేని నౌకను అయాన్ ఇంజిన్ల కోసం ఉంచిన జినాన్ వాయువును విడుదల చేస్తూ, సూర్యకాంతి ఒత్తిడిని సైతం వాడుకుంటూ నిలబెట్టారు. 2007లో తిరిగి రావాల్సిన నౌక రాక మూడేళ్లు వెనక్కి జరిగింది. 2009 నవంబరులో, ఇల్లు చేరువవుతున్న వేళ, నడుస్తున్న ఇంజిను కూడా ఆగింది. అప్పుడు ఒక చెడిన ఇంజిన్‌లో బాగున్న భాగాన్ని మరో చెడిన ఇంజిన్‌లో బాగున్న భాగంతో కలిపి ఒకే ఇంజిన్‌లా నడిపారు. ఎందుకైనా మంచిదని ఇంజనీర్లు ప్రయోగానికి ముందే అమర్చి ఉంచిన ఒక చిన్న డయోడ్ వల్లే అది సాధ్యమైంది.

2010 జూన్ 13 రాత్రి క్యాప్సూల్ ఆస్ట్రేలియాలోని వూమెరా ఎడారిలో దిగింది. నౌక వాతావరణంలోనే కాలిపోయింది. క్యాప్సూల్‌లో దొరికినవి సుమారు 1,500 రేణువులు, చాలా వరకు మిల్లీమీటరులో వందో వంతు కూడా లేనివి. అయినా పాత ప్రశ్నకు జవాబు వాటిలోనే దొరికింది. వాటి ఖనిజాలు సాధారణ కాండ్రైట్లతో సరిపోలాయి. సౌరగాలి తాకిన ఆనవాళ్లు పైపొరలో అతి సన్నని ఇనుప కణాలుగా కనిపించాయి. రంగు మారుతోందన్న వాదం గెలిచింది.

ఆ అనుభవం మీదే హయబుసా-2 నిలిచింది. 2020 డిసెంబరులో అది ర్యూగు శకలం నుంచి 5.4 గ్రాములు తెచ్చింది. 2023 సెప్టెంబరు 24న అమెరికా నౌక ఒసైరిస్-రెక్స్ బెన్ను శకలం నుంచి తెచ్చిన 121.6 గ్రాములు యూటా ఎడారిలో దిగాయి. జీవుల ప్రొటీన్లలో ఉండే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్ఏ, ఆర్ఎన్ఏలకు కావలసిన అయిదు క్షారాలూ అందులో ఉన్నట్టు 2025 జనవరిలో ప్రకటించారు. ఉప్పునీరు ఆవిరైపోగా మిగిలిన లవణాలూ దొరికాయి. నేలన పడిన ఉల్కలో ఇలాంటి లవణాలు గాలిలోని తేమకే కరిగిపోతాయి. చైనా చాంగె-6, 2024 జూన్‌లో చంద్రుడి ఆవలి వైపు నుంచి 1,935.3 గ్రాములు తెచ్చింది. ఆ వైపు మట్టి మనిషి చేతికి రావడం అదే మొదలు.

ఇక మన వంతు. చంద్రుడి మట్టిని తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ.2,104 కోట్లతో ఆమోదం ఇచ్చింది. దాని భాగాలను రెండు ఎల్‌వీఎం-3 రాకెట్లతో పంపి కక్ష్యలో జోడించాలి. శ్రీహరికోట నుంచి వెళ్లిన స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు 2025 జనవరి 16న ఆ జోడింపును చేసి చూపాయి. అపోలో నమూనాలను పరిశీలించిన అనుభవం అహ్మదాబాద్ భౌతిక పరిశోధన సంస్థకు ఉంది. కానీ రేణువును గాలి సోకకుండా భద్రపరచి, కోసి, కొలిచే పని ఒక్క సంస్థతో అయ్యేది కాదు. జపాన్ తన నౌక తిరిగి రాకముందే అందుకు ప్రత్యేక ప్రయోగశాల కట్టుకుంది. మన విశ్వవిద్యాలయాల భూగర్భ, రసాయన శాస్త్ర విభాగాలు ఈ పనికి ఇప్పటి నుంచే మనుషులనూ పరికరాలనూ సిద్ధం చేసుకోవాలి.