ఈక పురుగు, వెదురు మావు: చేపల వేట చరిత్రలో మనం ఎక్కడ?

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపికగా చివరిదాకా చదవండి.

మొన్న హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో ఒక వీడియో చూశాం. ఒక తెల్లాయన నడుము లోతు నీళ్లలో నిలబడి, పొడుగాటి కర్రతో దారాన్ని ముందుకీ వెనక్కీ ఊపుతున్నాడు. గాలానికి వానపాము లేదు, పిండిముద్ద లేదు. ఈకలు చుట్టిన చిన్న బొమ్మ పురుగు ఉంది. చేప పడింది. ఫొటో దిగి మళ్లీ నీళ్లలోనే వదిలేశాడు. మేం తెగ నవ్వుకున్నాం. "కూర వండుకోనప్పుడు ఇంత కష్టం దేనికిరా" అన్నాడు ఒకడు. నవ్వులయ్యాక ఇంకొకడు అడిగాడు: "మన తాత వాగులో చేపలు పడితే దొంగతనంగా పట్టినట్టు చూస్తారు. ఈయన పడితే అది ఆట ఎలా అయింది?" ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. జవాబు కోసం చదివిందే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ పని ఎలా జరుగుతుందో చెప్పుకుందాం. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. మన గాలానికి ఎర బరువో, కట్టిన సీసం గుండు బరువో ఉంటుంది. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఈక పురుగుకి బరువు ఉండదు. అందుకని బరువంతా దారంలోనే పెడతారు. లావుపాటి దారాన్ని కొరడాలాగా ఊపితే అది గాల్లో విచ్చుకుని, పురుగుని మెల్లగా నీటి మీద వాలుస్తుంది. చల్లటి నీళ్లలో ఉండే ట్రౌట్ చేప దాన్ని నిజం పురుగనుకుని అందుకుంటుంది. ఏ నెలలో ఏ పురుగు ఎగురుతుందో, చేప ఏ రాయి వెనక ఆగుతుందో తెలిసినోడికే పడుతుంది. ఏరుని చదవడం అన్నమాట. తొలకరి నీటికి ఏ చేప ఎదురెక్కుతుందో చెప్పే మన పెద్దోళ్లకి ఇది కొత్త విద్య కాదు.

దీని గురించి దొరికే బాగా పాత రాత రోమ్ రచయిత ఏలియన్‌ది, సుమారు క్రీ.శ. 200 నాటిది. మాసిడోనియాలో ఆస్ట్రేయస్ అనే ఏటిలో అక్కడివాళ్లు మచ్చల చేపల్ని పట్టే పద్ధతి ఆయన రాశాడు. నీటి మీద ఎగిరే పురుగుని చేప ఇష్టంగా తింటుంది గానీ, ఆ పురుగుని మనిషి చేత్తో పట్టుకుంటే రంగు పోయి, రెక్కలు పాడవుతాయి. అందుకని వాళ్లు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి మెడ కింది రెండు ఈకలు కట్టేవాళ్లు. కర్ర ఆరడుగులు, దారం కూడా అంతే. ఇక్కడ ఒక మాట గమనించండి. ఏలియన్ ఇది విని రాశాడు. కనిపెట్టింది ఆ ఏటి ఒడ్డు జనం. పుస్తకంలో ఆయన పేరు మిగిలింది, వాళ్ల పేరు ఒక్కటి కూడా లేదు.

తర్వాత ఇంగ్లండు. 1496లో అక్కడ గాలం వేట మీద ఒక చిన్న గ్రంథం అచ్చయింది. జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని రాసిందని చెబుతారు గానీ, అది రుజువు కాలేదు. కర్ర చేసుకోవడం, గుర్రం వెంట్రుకలతో దారం పేనడం, దానికి రంగు వేయడం, 12 రకాల బొమ్మ పురుగులు కట్టడం అన్నీ అందులో ఉన్నాయి. కానీ మమ్మల్ని ఆపేసింది ఇంకో మాట. దీన్ని విడిగా చిన్న పుస్తకంగా వేస్తే పనీపాటా లేని ప్రతివాడి చేతికీ పోతుందని, అందుకే పెద్దింటివాళ్లు చదివే పెద్ద పుస్తకంలో కలిపామని అందులోనే రాసుకున్నారు. అంటే ఏటి ఒడ్డున ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్న విద్య, పుస్తకంలోకి ఎక్కేసరికి అందరికీ అందకూడనిదైంది.

జపాన్ కొండల్లో కథ వేరు. అక్కడ టెంకరా అనే పద్ధతి ఉంది. వెదురు కర్ర, కొనకి దారం, దానికి ఒక ఈక పురుగు, అంతే. చక్రం లేదు. ఇది కొండ ఊళ్లలో చేపలు పట్టి అమ్ముకుని బతికినవాళ్ల విద్య. పెద్దోళ్ల పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే తప్ప పుస్తకం చదివి కాదు. ఇప్పుడు అదే పద్ధతిని అమెరికాలో, యూరప్‌లో డబ్బులు పెట్టి నేర్చుకుంటున్నారు.

ఇక సామాను సంగతి. 1840ల్లో అమెరికాలోని ఈస్టన్ పట్నంలో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు వెదురుని సన్నగా చీల్చి, బద్దలు అతికించి గాలం కర్రలు చేశాడు. ఆ కాలంలో అక్కడివాళ్లు వాడిన వెదురుని కలకత్తా వెదురు అనేవాళ్లు, మన దేశం నుంచి ఓడల్లో పోయింది కాబట్టి. సుమారు 1900 తర్వాత దాని చోటు చైనా వెదురు తీసుకుంది. అలాగే స్కాట్లండులో సాల్మన్ చేపలకి కట్టే ఖరీదైన ఈక పురుగుల్లో రెండు పక్కలా కళ్లలాగా మెరిసే చుక్క ఈక ఒకటి ఉంటుంది. అది దక్షిణ భారతం అడవుల్లో తిరిగే బూడిద రంగు అడవికోడి పుంజు మెడ ఈక. గోదావరికి దక్షిణాన ఈ కోడి, ఉత్తరాన ఎర్ర అడవికోడి ఎక్కువని పక్షుల పుస్తకాలు చెబుతాయి. అంటే దొరల పురుగుకి కన్ను మన అడవి ఇచ్చింది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ కోడిని పట్టడం నేరం. అది మంచిదే. కానీ మెడలకు మెడలు ఓడలెక్కిన కాలంలో లాభం తిన్నది అడవిలో ఉచ్చు వేసినోడు కాదు కదా.

మన దేశంలో కూడా ఇదే జరిగింది. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెచ్.ఎస్. థామస్ 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా" అనే గాలం వేట పుస్తకం వేశాడు. అదే సంవత్సరం ఫ్రాన్సిస్ డే మన దేశపు మంచినీటి చేపల మీద పెద్ద నివేదిక ఇచ్చాడు. జిల్లాల అధికారులని, తహసీల్దార్లని అడిగి రాసిన నివేదిక అది. వాగుకి అడ్డంగా పెట్టే మావులు, సన్న కన్ను వలలు, చెట్ల మందులు చేపల్ని నాశనం చేస్తున్నాయన్నది అప్పటి అధికారుల వాదన. నీలగిరుల్లో దొరల గాలం కోసం ట్రౌట్ చేపని బయటి నుంచి తెచ్చి పెంచారు. 1879లో అక్కడి వేట జంతువులకి, చేపలకి ప్రత్యేక చట్టమే వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో వేట, చేపలు పట్టడం సర్కారు నిబంధనల కిందికి పోయాయి. 1897 ఫిషరీస్ చట్టం పేలుడు మందుని, విషాన్ని నిషేధించింది. మావులు, అడ్డుకట్టలు, వల కన్ను మీద నిబంధనలు పెట్టే అధికారం సర్కారుకి ఇచ్చింది.

ఇక్కడ మనం కూడా నిజం ఒప్పుకోవాలి. విషం, పేలుడు వద్దన్నది తప్పు మాట కాదు. ఎండాకాలం ఒక్క మడుగులో మంగకాయ దంచి వేయడం వేరు, ఇప్పుడు కొందరు బ్లీచింగ్ పౌడర్ పోయడం, కరెంటు తీగ వేయడం వేరు. దానివల్ల పిల్ల చేప కూడా మిగలదు. ఆ పని మనోళ్లు చేసినా తప్పే. కానీ మన మావు, ఊత, విసురువల, బాణం అన్నిటినీ విషంతో పాటు ఒకే గాటన కట్టి, ఒక్క గాలం కర్రనే పెద్దమనుషుల పద్ధతి అనడం న్యాయం కాదు. మావు నోటి దగ్గర పుల్లలు లోపలికి వంచి, పోయిన చేప వెనక్కి రాకుండా కడతారే, ఆ పనితనం ఈక పురుగు కట్టేవాడి పనితనానికి ఏం తక్కువ? తేడా ఒక్కటే. వాళ్లది పుస్తకమైంది, మనది కాలేదు. రాసినోడి పద్ధతి ఆట అయింది, రాయనోడి పద్ధతి నేరమైంది.

ఇది పాత కథే అనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపలు, నీటి వనరుల మీద ఊరి ఉమ్మడి హక్కు స్పష్టంగా ఉంది. అదే చట్టం జంతువుల వేటకి హక్కు ఇవ్వలేదు, చేపలకి మాత్రం ఇచ్చింది. ఉమ్మడి హక్కులకి గ్రామసభ పెట్టే ఫారం బిలో దానికి ఒక గడి కూడా ఉంది. పోడు పట్టా అంటే మన ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలుసు. ఈ గడి సంగతి మాకే ఇప్పటిదాకా తెలియదు. అక్కడ రాయాలంటే ఏ వాగు, ఏ మడుగు, ఏ నెలలో, ఏ సామానుతో, ఎన్ని తరాల నుంచి అని చెప్పగలగాలి. అది చెప్పగలిగేది మన తాతలు, అవ్వలే.

అందుకని మాలో కోయ, కొండరెడ్డి పిల్లలం కలిసి ఒకటి అనుకున్నాం. ఈసారి సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్తాం. వాగులో మడుగుల పేర్లు, చేపల పేర్లు మన భాషలోనే రాస్తాం. మావు అల్లేటప్పుడు పక్కన కూర్చుని మేం కూడా అల్లుతాం. మీరు కూడా మీ ఊళ్లో అడిగి ఇక్కడ రాయండి. మాసిడోనియా ఏటి జనం పేర్లు ఎవరూ రాయలేదు. మనోళ్ల పేర్లు మనమే రాద్దాం.

జోహార్.